దారి తప్పిన ప్రొఫైలు

“నా ఫైళ్లన్నియు పోయినవి” అను మాట కంప్యూటరున్న ప్రతి యింటను, ప్రతి పాఠశాలయందును ఎప్పుడో యొకప్పుడు వినవచ్చుచున్నది. రాత్రి వఱకు చక్కగా పనిచేసిన యంత్రము ఉదయమున తెఱవగానే క్రొత్తదానివలె కనబడును. తెఱమీద పెట్టుకొన్న బొమ్మ యుండదు; డెస్క్‌టాపు మీది ఫైళ్లుండవు; డాక్యుమెంట్స్ అను ఫోల్డరు ఖాళీగా నుండును. పదవ తరగతి విద్యార్థి వ్రాసికొన్న ప్రాజెక్టో, తండ్రి స్కాను చేయించి దాచుకొన్న పట్టాదారు పాసుపుస్తకమో, అక్కగారి ఇంటర్మీడియేటు మార్కుల మెమోయో ఒక్కసారిగా మాయమైనట్లు తోచును. ఇంటివారు కంగారుపడి యంత్రమును మరమ్మతు దుకాణమునకు మోసికొని పోవుదురు. అచ్చటివారు దానిని ఫార్మాటు చేసి, విండోసును మఱల ఎక్కించి, గంటలో బాగుచేసి యిత్తురు. ఫైళ్లు నిజముగా పోవునది అప్పుడే.

ఇట్టి లక్షణములు కనబడినప్పుడు ఫైళ్లు పోయి యుండుట అరుదు. అవి ముందెచ్చట నుండెనో ఇప్పుడును అచ్చటనే యుండును. వానికి దారి చూపు వరుస యొక్కటి తప్పుగా నుండును. ఆ వరుసను కనుగొని సవరించుట అర్ధగంట పని. అది ఎట్లో బాలబాలికలకును, వారి తలిదండ్రులకును తెలియునట్లు వ్రాయుట ఈ వ్యాసము ఉద్దేశము.

ముందుగా ప్రొఫైలు అనగానేమో తెలిసికొనవలెను. ఒకే యంత్రమును పలువురు వాడుకొనుటకు వీలుగా విండోస్ ప్రతివానికిని ఒక ఫోల్డరును ఏర్పఱచును. సి డ్రైవునందు యూజర్స్ అను పెద్ద ఫోల్డరు కలదు. ఒక్కొక్కరి ఫోల్డరు దానిలోపల నుండును. 2007లో వెలువడిన విస్టా మొదలుకొని ఈ పేరు వాడుకలో నున్నది. అంతకు ముందటి ఎక్స్‌పి కూర్పునందు దీనిని డాక్యుమెంట్స్ అండ్ సెట్టింగ్స్ అనిరి. మనము నిత్యము చూచు డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్, డౌన్‌లోడ్స్ మొదలగునవన్నియు ఈ సొంత ఫోల్డరులోని అఱలే. వీనితోపాటు కంటికి కనబడకుండ దాచబడిన ఎన్‌టియూజర్.డాట్ అను ఫైలొకటి అచ్చటనే యుండును. తెఱమీది బొమ్మ, అక్షరముల పరిమాణము, ఏ ప్రోగ్రామును ఎట్లు అమర్చుకొంటిమి అను వివరములు దానిలో వ్రాయబడి యుండును. ఈ ఫోల్డరును, దానిలోని సమస్తమును గలిపి ప్రొఫైలు అందురు.

దీనిని బోర్డింగు గృహముతో పోల్చి చూచిన సులభముగా బోధపడును. వార్డెనుగారి యొద్ద ఒక చిట్టా యున్నదనుకొనుడు. అందు ఒక వైపున విద్యార్థి అడ్మిషను సంఖ్యయు, దాని కెదురుగా గది సంఖ్యయు వ్రాయబడి యుండును. బాలుడు వచ్చి తన పేరు చెప్పును. వార్డెనుగారు పేరునుబట్టి అడ్మిషను సంఖ్యను గుర్తించి, చిట్టాలో ఆ సంఖ్య కెదురుగా నున్న గదికి వానిని పంపుదురు. ఆ గదిలో వాని ట్రంకుపెట్టె యున్నదా లేదా యని పోయి చూడరు. చిట్టాయే వారికి ప్రమాణము. ఎవరైనను 6 అని యుండవలసిన చోట 9 అని వ్రాసినచో, బాలుడు తొమ్మిదవ గదికి పోయి, అచ్చట తన పెట్టె గానక, దొంగలు పడిరని యేడ్చును. పెట్టె ఆఱవ గదిలో వేసిన తాళము వేసినట్లే యుండును.

విండోసు చిట్టాకు రిజిస్ట్రీ అని పేరు. అది 1992 నాటి విండోస్ 3.1 కూర్పులో చిన్నదిగా మొదలై, 1993 నాటి ఎన్‌టి, 1995 నాటి విండోస్ 95 కూర్పులతో విస్తరించినది. అందు ప్రొఫైల్ లిస్ట్ అను భాగము కలదు. ఆ భాగమునందు యంత్రమును వాడు ప్రతివానికి నొక శాఖ యుండును. శాఖకు పెట్టబడునది వాని పేరు గాదు. ఎస్-1-5-21 అని మొదలగు ఒక దీర్ఘసంఖ్య. తరువాత వచ్చు మూడు పెద్ద సంఖ్యలు ఆ యంత్రమునకు గాని, అది చేరియున్న కార్యాలయపు డొమెయినునకు గాని చెందినవి. చివరిది వ్యక్తి సంఖ్య. యంత్రముతో పుట్టిన అడ్మినిస్ట్రేటరు ఖాతాకు ఎల్లప్పుడును 500, అతిథి ఖాతాకు 501. మనము చేర్చు ఖాతాలకు 1000 మొదలుకొని యుండును. ఒకరి కిచ్చిన సంఖ్యను మఱియొకరి కీయరు. వెంకటేశము ఖాతాను తొలగించి, మఱల అదే పేరుతో చేర్చినను, యంత్రము దృష్టిలో అతడు వేఱొక వెంకటేశము. ఇది యెఱుగక, “ఖాతాను తీసివేసి మఱల పెట్టుకొనుము” అని సలహా యిచ్చువారు కొందఱు కలరు. అది బాలుని పేరు కొట్టివేసి క్రొత్త అడ్మిషను సంఖ్యతో చేర్చుకొనుట వంటిది. పాత పెట్టెను తెఱచు హక్కు అతనికి దానంతట రాదు. పైగా ఖాతాను తొలగించునప్పుడు అందలి ఫైళ్లను గూడ తొలగింపుమని ఒప్పుకొనినచో, పెట్టెయే మిగులదు.

ఆ దీర్ఘసంఖ్యగల శాఖను తెఱచినచో, ప్రొఫైల్ ఇమేజ్ పాత్ అను పేరుతో ఒక వరుస కనబడును. దాని కెదురుగా సి డ్రైవు, యూజర్స్, ఆపై ఫోల్డరు పేరు వ్రాయబడి యుండును. వార్డెనుగారి చిట్టాలోని గది సంఖ్య యిదియే. మనము పేరును, సంకేతపదమును ఇచ్చి లోనికి పోవునప్పుడు విండోస్ చదువునది దీనినే.

పేరు వేఱు, సంఖ్య వేఱు, ఫోల్డరు వేఱు. ఈ మూటిని కలిపి యొకటిగా తలచుట వలననే చిక్కులు పుట్టుచున్నవి. పేరొకచోటను స్థలమొకచోటను ఉండుట మన ప్రాంతమువారికి వింత గాదు. కాజీపేట - బల్లార్షా రైలుమార్గమున ఆసిఫాబాద్ రోడ్డు అను స్టేషనులో దిగిన క్రొత్తవాడు అచ్చట పట్టణమును వెదకిన కనబడదు; స్టేషను రెబ్బెన మండలములో నున్నది, పట్టణమునకు మఱల బండి యెక్కి పోవలెను. ఇంకొక యుదాహరణము. ఆసిఫాబాదులో ఒక పాత పెంకుటిల్లు 1956 నవంబరు 1వ తేదికి ముందు హైదరాబాదు రాష్ట్రములో నుండెను. పిమ్మట ఆంధ్రప్రదేశములోనికి వచ్చెను. 2014 జూను 2వ తేది నుండి తెలంగాణములో నున్నది. 2016 అక్టోబరు 11వ తేదిన దాని జిల్లా గూడ మాఱి, ఆదిలాబాదునకు బదులు కుమురం భీం పేరిట క్రొత్త జిల్లా ఏర్పడెను. ఇన్ని మార్పులలోను ఇల్లు ఒక్క అంగుళము కదలలేదు. ఉత్తరముపై వ్రాయు చిరునామా మాఱినది. కంట్రోల్ ప్యానెలునందు ఖాతా పేరును మార్చుట ఇట్టిదే. తెఱమీద క్రొత్త పేరు కనబడును గాని, ఫోల్డరు పేరు పాతదే యుండును. దానివలన హానియు లేదు.

హాని యెక్కడనగా, ఆ పాత పేరు నచ్చక ఫోల్డరునే తిరుగ నామకరణము చేయువారి వద్ద. ఈ కోరిక యేల పుట్టునో చెప్పవలెను. మైక్రోసాఫ్టు ఖాతాతో క్రొత్త యంత్రమును తెఱచినచో, విండోస్ సాధారణముగా మన ఈమెయిలు చిరునామాలోని మొదటి అయిదు అక్షరములను తీసికొని వానితో ఫోల్డరునకు పేరు పెట్టును. ఆంగ్లేయుల చిన్న పేర్లకిది సరిపోవునేమో! మన పేర్లు పొడవైనవి. వెంకటేశ్వర్లు, వెంకటలక్ష్మి, వెంకటరమణ - ఈ ముగ్గురును రోమను లిపిలో వ్రాసికొన్న చిరునామాల మొదటి అయిదక్షరములు వి, ఇ, ఎన్, కె, ఎ. ముగ్గురి ఫోల్డరులును “వెంక” యే. లక్ష్మణునకు, లక్ష్మికి, లక్ష్మీనారాయణకు అట్లే ఒక్క “లక్ష్” మిగులును. ఒకే యంత్రమున ఇద్దఱు వెంకలు చేరినప్పుడు, రెండవదానికి విండోస్ సున్నలతో గూడిన అంకెనో, యంత్రము పేరునో తోకగా తగిలించును. యజమాని ఒకనాడు యూజర్స్ ఫోల్డరును తెఱచి, తన నిండైన పేరు ఇట్లు కుదింపబడుట చూచి చిన్నబుచ్చుకొని, మఱియొక అడ్మినిస్ట్రేటరు ఖాతానుండి దానిని సరిచేయును. చిట్టాలోని వరుస మాత్రము “వెంక” అనియే చెప్పుచుండును. మఱునాడు విండోస్ ఆ పేరుగల ఫోల్డరును వెదకును; అది కనబడదు.

ఇంకొక కారణము విద్యుత్తు. ఎన్‌టియూజర్.డాట్ అను ఫైలు మనము పనిచేయుచున్నంతసేపు తెఱవబడి యుండును. అందు మార్పులు వ్రాయబడుచుండును. దానికి రక్షణగా రెండు లాగ్ ఫైళ్లు ప్రక్కన నుంచబడినను, జ్యేష్ఠాషాఢముల గాలివానలలో కరెంటు పోవుచు వచ్చుచు నుండునప్పుడు అవి యన్నివేళల కాపాడలేవు. బ్యాటరీగల చిన్న ల్యాప్‌టాపుకన్న, యూపీఎస్ లేని బల్లమీది యంత్రమునకు ఈ భయ మెక్కువ. వైరసులను పట్టు ప్రోగ్రాము సరిగా ఆ క్షణముననే ఫైలును పరీక్షించుచు విడువకుండుటయు నొక్కొక్కప్పుడు జరుగును. విండోసును ఒక కూర్పునుండి వేఱొక కూర్పునకు మార్చునప్పుడు గూడ ప్రొఫైలు దారి తప్పవచ్చును. విండోస్ 10కి మైక్రోసాఫ్టు సాధారణ సహాయము 2025 అక్టోబరు 14వ తేదితో ముగిసినది గనుక, ఇట్టి మార్పు చేసికొనుచున్న యిండ్లు ఎన్నియో కలవు.

తన ఫోల్డరు దొరకనివానిని విండోస్ బయటకు గెంటివేయదు. యూజర్స్‌లో టెంప్ అను పేరుతో ఒక తాత్కాలికపు ఫోల్డరును సృష్టించి అందు ప్రవేశపెట్టును. “మీ ఖాతాలోనికి పోజాలకున్నాము”, “తాత్కాలికపు ప్రొఫైలుతో ప్రవేశించితిరి” అను అర్థముగల ప్రకటన తెఱపై వచ్చును గాని, చాలమంది దానిని చదువకయే మూసివేయుదురు. ఇది వార్డెనుగారు రాత్రికి ఇచ్చిన అతిథి గది. తెల్లవారగానే ఊడ్చి, అందున్నదంతయు పాఱవేయుదురు. మనము సైనవుట్ చేసిన తోడనే టెంప్ ఫోల్డరు తుడిచివేయబడును. ఇదంతయు నెఱుగక, “ఫైళ్లు పోయిన పోనిమ్ము, వ్యాసమును మఱల వ్రాయుదును” అని ధైర్యము తెచ్చుకొని, టెంప్‌లో కూర్చుండి మూడుగంటలు శ్రమించిన బాలుని పని సాయంకాలమునకు నిజముగా నశించును. పాతవి క్షేమముగానే యుండగా క్రొత్తది పోవును! ఈ రోగములో కెల్ల క్రూరమైన భాగ మిది యని మా యభిప్రాయము. తాత్కాలికపు ప్రొఫైలులో నున్నట్లు అనుమానము కలిగినచో ఒక్క అక్షరమైనను అచ్చట దాచరాదు; అప్పటికే యేదైన దాచి యుండినచో, సైనవుట్ చేయకముందే పెన్‌డ్రైవులోనికి ఎక్కించుకొనవలెను.

అనుమానమును తీర్చుకొను మార్గము తేలిక. కమాండ్ ప్రాంప్టు అను నల్లని కిటికీని తెఱచి, ఎకో అని వ్రాసి, ఖాళీ విడిచి, రెండు శాతపు గుర్తుల నడుమ యూజర్‌ప్రొఫైల్ అని కలిపి వ్రాసినచో, మనము ప్రస్తుతమే ఫోల్డరులో నున్నామో యంత్రమే చెప్పును. హూయామై అని కలిపి వ్రాసి, ఖాళీ విడిచి, అడ్డగీతతో యూజర్ అని చేర్చినచో మన దీర్ఘసంఖ్యను చూపును. ఆ సంఖ్యను కాగితముపై వ్రాసికొనవలెను. కనీసము చివరి నాలుగంకెలనైన వ్రాసికొనుడు. పిమ్మట చిట్టాలో మన శాఖను పోల్చుకొనుటకు అదియే ఆధారము. ఇవిగాక ఈవెంట్ వ్యూయరునందలి అప్లికేషన్ పట్టికలో 1511 అను సంఖ్యతో “ప్రొఫైలు దొరకలేదు, తాత్కాలికముగా ప్రవేశపెట్టితిమి” అనియు, 1515 అను సంఖ్యతో “పాత ప్రొఫైలును ప్రక్కన నుంచితిమి” అనియు భావముగల నమోదులు కనబడవచ్చును.

ఇక చికిత్స. రోగిగా నున్న ఖాతానుండి దీనిని చేయ వీలులేదు. తాను కూర్చున్న కొమ్మను తానే కోసికొనినట్లగును. యంత్రమును ఒకసారి ఆపి మఱల నడిపించి, అడ్మినిస్ట్రేటరు అధికారముగల వేఱొక ఖాతాతో ప్రవేశింపవలెను. అట్టి ఖాతా లేకున్నచో, యంత్రముతో పుట్టి నిద్రించుచుండు అడ్మినిస్ట్రేటరు ఖాతాను మేలుకొలిపి, పని ముగిసిన పిమ్మట మఱల నిద్రపుచ్చవలెను. పాఠశాల యంత్రములయందు ఈ పని ఉపాధ్యాయుని సమక్షమున గాక విద్యార్థులు పూనుకొనరాదు. ఒక వరుసకు బదులు వేఱొక వరుస మార్చినచో, రోగము తరగతిలోని మఱియొకనికి అంటుకొనును.

ప్రవేశించిన పిమ్మట తొలుత యూజర్స్ ఫోల్డరును తెఱచి చూడవలెను. మన పేరుతోనో, మన యయిదక్షరములతోనో ఉన్న పాత ఫోల్డరు అచ్చట నుండును. అనుమతి కావలెనని యడుగును. ఇచ్చి లోనికి పోయినచో, పోయినవనుకొన్న ఫైళ్లన్నియు బారులు తీరి కనబడును. ఆ క్షణమున ఇంటివారి మొగములు చూడదగినవి! అయినను సంతోషముతో అచ్చటనే ఆగిపోరాదు. ఆ ఫైళ్లను బయటి డిస్కులోనికి ఒక ప్రతి తీసికొనిన పిమ్మటనే రిజిస్ట్రీ జోలికి పోవలెను. రిజిస్ట్రీయందు “రద్దు” అను మీట లేదు. మార్చినది మార్చినట్లే వెంటనే నిలిచిపోవును. కాబట్టి రెగెడిట్ అను సాధనమును తెఱచి, హెచ్‌కీ లోకల్ మెషీన్, సాఫ్ట్‌వేర్, మైక్రోసాఫ్ట్, విండోస్ ఎన్‌టి, కరెంట్ వెర్షన్ అను మెట్లు వరుసగా దిగి, ప్రొఫైల్ లిస్ట్ చేరిన తోడనే, ఎక్స్‌పోర్ట్ అను ఆజ్ఞతో ఆ భాగమును యథాతథముగా ఒక ఫైలుగా దాచుకొనవలెను. చేయి జాఱినచో దానిని రెండుమాఱులు నొక్కిన మార్చిన వరుసలు పూర్వపు విలువలకు వచ్చును.

ప్రొఫైల్ లిస్ట్‌లో 18, 19, 20 అను చివరలతో మూడు పొట్టి సంఖ్యలు కనబడును. అవి యంత్రము తన సొంత పనులకై వాడుకొను ఖాతాలు, వానిని ముట్టరాదు. కాగితముపై వ్రాసికొన్న దీర్ఘసంఖ్యను వెదకవలెను. ఇచ్చట రెండు విధములైన దృశ్యములు గోచరింపవచ్చును.

మొదటిది, ఒకే సంఖ్య రెండుమాఱులు కనబడుట. ఒకటి మామూలుగను, రెండవది చుక్కతో బాక్ అను తోకతోను ఉండును. తోక లేనిదానిని నొక్కి చూచిన, ప్రొఫైల్ ఇమేజ్ పాత్ టెంప్ వైపు చూపుచుండును. తోకగలది మన పాత ఫోల్డరును చూపుచుండును. విండోస్ అసలుదానిని ప్రక్కకు నెట్టి, తాత్కాలికమును దాని స్థానమున కూర్చుండబెట్టినదన్నమాట. తోక లేని శాఖకు వేఱొక తోకను, ఓల్డ్ అని యనుకొందము, తగిలించవలెను. పిమ్మట బాక్ తోకగలదానికి ఆ తోకను తీసివేయవలెను. క్రమము తప్పరాదు, ఏలయన ఒకే పేరుతో రెండు శాఖలుండ వీలులేదు. సరిచేసిన శాఖలో స్టేట్, రెఫ్‌కౌంట్ అను వరుసలున్నచో వాని విలువలను సున్న చేయవలెను.

రెండవది, శాఖ యొక్కటియే యుండి, వరుసలోని ఫోల్డరు పేరు యూజర్స్‌లో నున్న పేరుతో సరిపోలకుండుట. పైని చెప్పిన నామకరణోత్సాహము వలన కలుగునది సాధారణముగా నిదియే. దీనికి రెండు దారులు కలవు. ఫోల్డరునకు మఱల పాత పేరే పెట్టుట యొకటి; వరుసను క్రొత్త పేరునకు తగినట్లు దిద్దుట రెండవది. రెండును పనిచేయును. మేము మొదటిదానినే మేలైనదిగా నెంచుదుము. ఏలయన పాత దారి ఆ ఒక్క వరుసలోనే గాక, ప్రోగ్రాముల అమరికలలోను, షార్ట్‌కట్టులలోను, ఇంకను కనబడని చోటులలోను వ్రాయబడి యుండును. వరుసను దిద్దిన పిమ్మట లోనికి పోగలుగుదుము గాని, రెండుదినముల తరువాత ఏదో యొక ప్రోగ్రాము పాత గది తలుపు తట్టి, తెఱవలేదని ఫిర్యాదు చేయును. క్రొత్త పేరే కావలెనని పట్టుపట్టువారు, ఎమ్‌కేలింక్ అను ఆజ్ఞతో పాత పేరుననొక జంక్షనును నెలకొల్పవచ్చును. అది యిల్లు మాఱినవాని పాత తలుపున అంటించిన కాగితము వంటిది. అచ్చటికి వచ్చిన ప్రోగ్రామును క్రొత్త ఫోల్డరునకు పంపును.

వరుసను దిద్దునప్పుడు అక్షరము అక్షరమును సరిచూడవలెను. యూజర్స్‌లోని పేరులో ఒక చుక్కయో, ఖాళీయో ఉన్నచో వరుసలోను ఉండవలెను. ఒకరి వరుసను మఱియొకరి ఫోల్డరువైపు త్రిప్పి, “ఎట్లయినను లోనికి పోయెదము” అని తలచుట వృథా. ప్రతి ఫోల్డరునకును, అందలి ఎన్‌టియూజర్.డాట్ లోపలి భాగములకును, ఏ దీర్ఘసంఖ్యవారికి తాళము తీయు హక్కున్నదో వ్రాయబడి యుండును. మామూలు ఖాతావాడు పరుల గది ముంగిట నిలువబడి, మఱల టెంప్‌లోనికే పోవును.

అంతయు ముగించి యంత్రమును ఆపి మఱల నడిపించి, సొంత ఖాతాతో ప్రవేశించినచో, పాత బొమ్మ, పాత ఫైళ్లు యథాస్థానమున కనబడవలెను. కనబడక మఱల తాత్కాలికమే వచ్చినచో, దారి సరియైనదే గాని ఎన్‌టియూజర్.డాట్ చెడిపోయినదని గ్రహింపవలెను. అప్పుడు దానిని బాగుచేయ ప్రయత్నించుటకన్న, క్రొత్త ఖాతానొకదానిని తెఱచి, పాత ఫోల్డరునుండి డాక్యుమెంట్స్, పిక్చర్స్, డెస్క్‌టాప్ మొదలగువానిని మాత్రము అందులోనికి ప్రతి తీసికొనుట మంచిది. ఎన్‌టియూజర్ అను పేరుతో మొదలగు ఫైళ్లను వెంట తీసికొని పోయినచో రోగమును గూడ తీసికొని పోయినట్లే.

ఒక భ్రాంతిని గూర్చి గూడ చెప్పవలెను. బొమ్మ, అమరికలు అన్నియు సరిగా నుండి, డాక్యుమెంట్స్ గాని డెస్క్‌టాప్ గాని మాత్రమే ఖాళీగా కనబడినచో, ప్రొఫైలు దారి తప్పలేదు. వన్‌డ్రైవ్ అను సౌకర్యము బ్యాకప్పు పేరిట ఆ ఫోల్డరులను తన లోపలికి మార్చుకొని యుండవచ్చును. అప్పుడు రిజిస్ట్రీని తెఱచుట అనవసరము. సొంత ఫోల్డరులోని వన్‌డ్రైవ్ అఱలో చూచిన ఫైళ్లు దొరకును. వన్‌డ్రైవ్ అమరికలలో ఆ బ్యాకప్పును నిలిపివేసి, అవి మఱల పాతచోటికి చేరినవో లేదో చూచుకొనవలెను.

ఈ యేర్పాటు విండోస్‌కు మాత్రమే చెందినది గాదు. లినక్సునందు ఇటిసి అను ఫోల్డరులో పాస్‌వర్డ్ అను మాటను కుదించి పేరుపెట్టిన ఫైలొకటి కలదు. అందు ఒక్కొక్కరికి ఒక్కొక్క వరుస. వరుసకు ఏడు భాగములు. మూడవది వ్యక్తి సంఖ్య, ఆఱవది వాని ఫోల్డరు దారి. అచ్చట చిట్టా మామూలు అక్షరములతో నుండుటచే కంటితో చదువుకొనవచ్చును. యూజర్‌మాడ్ అను ఒక్క ఆజ్ఞ ఫోల్డరును కదల్చి వరుసను గూడ తానే దిద్దును. విండోస్ నిర్మాతలు ఇట్టి సాధనము నొకదానిని కనబడుచోట నుంచి యుండిన, ఎందఱికో ఎంతయో శ్రమ తప్పెడిది.

క్రొత్త యంత్రము కొనువారు, పాఠశాలలో క్రొత్త తరగతికి ఖాతాలు తెఱచువారు, ఫోల్డరు పేరును మొదటనే ఆలోచించి పెట్టుట మేలు. తొలుత లోకల్ ఖాతానొకదానిని తెఱచినచో ఫోల్డరునకు ఆ పేరే వచ్చును. మైక్రోసాఫ్టు ఖాతాను తరువాత దానితో కలుపుకొనవచ్చును. ఆ తొలి పేరు చిన్నదిగను, ఖాళీలు లేకుండను, రోమను అక్షరములలోను ఉండుట క్షేమము. తెలుగు లిపి 1991లోనే యూనికోడులో చేరినది. విండోస్ తెలుగు పేరుతో ఫోల్డరును నిరాటంకముగా సృష్టించును. అయినను పాత ప్రోగ్రాములు కొన్ని ఆ దారిని చదువలేక తడబడును. ఆదిలాబాదు జిల్లాలోని గుంజాల గ్రామమున దొరకిన వ్రాతప్రతులనుబట్టి పేరు పొందిన గుంజాల గోండి లిపి 2018లో యూనికోడునకు చేరినది. దాని అక్షరము లొక్కొక్కటి విండోస్ లెక్కలో రెండేసి పదాఱు బిట్ల తునకలుగా నిలువయగును గనుక, పాత ప్రోగ్రాములకు ఆ చిక్కు మఱింత హెచ్చు. తెఱమీద కనబడు పేరునకు ఈ నిర్బంధ మేమియు లేదు. ఫోల్డరు పేరు స్థిరపడిన పిమ్మట, కంట్రోల్ ప్యానెలునందు లోకల్ ఖాతా పేరును తెలుగులోనో గోండిలోనో నిండుగా వ్రాసికొనవచ్చును.